హాలియా సాలీడు సొంత ఊరు

వార్త రాసేవాడు మొట్టమొదట రాసేది ఊరి పేరు. ఎవరు, ఏమిటి, ఎందుకు అన్నవి ఆ తర్వాత వస్తాయి. విలేకరిగా చేరిన కొత్తలో డెస్క్‌లో ఒక పెద్దాయన నాకు నేర్పిన మొదటి పాఠం అదే. నువ్వు ఎక్కడ కూర్చొని రాస్తున్నావో పాఠకుడికి అనవసరం, సంగతి ఎక్కడ జరిగిందో ఆ ఊరి పేరు వెయ్యి అనేవాడాయన. దాన్ని మేం డేట్‌లైన్ అంటాం. నల్లగొండ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చొని మోత్కూర్ మార్కెట్లో వానకు తడిసిన వడ్ల గురించి రాసినా, పైన మోత్కూర్ అనే ఉండాలి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేల వార్తలకు ఊరి పేర్లు వేశాను. కొన్నిసార్లు తప్పు పేరు పడింది. మరునాడు ఓ మూల చిన్న సవరణ వేశాం. ఎవరి కొంపా మునగలేదు. అందుకే ఆ ఒక్క మాటకు పెద్ద విలువ ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఫోన్లోనే వార్త రాసి ఫోన్లోనే పంపేస్తున్న నేటి పిల్లలు కూడా అనుకోరు. వాళ్ల కోసమే ఒక సాలీడు సంగతి చెబుతాను.

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాదో, ఆపై ఏడాదో. నేను నల్లగొండలో పనిచేస్తున్నాను. ఒకరోజు పొద్దున హాలియా విలేకరి ఫోన్ చేశాడు.

"సార్, ఈడ డిగ్రీ కాలేజీ మేడం కొత్త సాలెపురుగును కనిపెట్టిందట. ఎవ్వలూ చూడనిదట. సింగిల్ కాలం రాయాల్నా, డబుల్ రాయాల్నా?"

"ముందు ఏముందో చూసి రాద్దాం. నేనే వస్తున్న" అన్నాను. ఆ రోజు కలెక్టర్ సమావేశం వాయిదా పడింది. జిల్లా పేజీ ఖాళీగా నోరు తెరుచుకొని ఉంది. పేజీ నిండుగా ఉండుంటే నేను వెళ్లేవాణ్ణి కాదు.

మా ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకొని బయలుదేరాను. లావుగా, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండే మనిషి. ఏళ్లకేళ్లు ప్రమాదాలు, ధర్నాలు, మంత్రుల పర్యటనలు తీసీ తీసీ అతనికో అలవాటు పాతుకుపోయింది. ఎదురుగా ఎవరున్నా, ఎంతమంది ఉన్నా, పక్కల నుంచి తోసుకుంటూ పోయి ముందు నిలబడి ముఖం తియ్యాలి. ముఖం లేని ఫోటోను డెస్క్ చెత్తబుట్టలో వేస్తుందని అతని నమ్మకం. అది చాలావరకు నిజం కూడా.

ఆ అధ్యాపకురాలికి నలభై దగ్గర పడుతుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవి చివర మళ్లీ తీసుకుంటారో లేదోనని ఎదురుచూడాలి. తండ్రి పొలం పనులకు కూలికి పోయి, తర్వాత కౌలుకు నాలుగు మడులు పట్టినవాడు. వాళ్ల చర్చి బజారులో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమె మాట్లాడింది సాలీడు గురించే. దూది పరిచిన టిఫిన్ డబ్బాలోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదానిలో స్పిరిట్‌లో మునిగిన సాలీడు. మరోదానిలో బతికున్నది.

వడ్లగింజ కన్నా చిన్నది. బూడిదరంగు ఒళ్లు, వీపు మీద తుప్పురంగు పట్టీ. మైక్రోస్కోప్ కింద పెడితే ముఖమంతా కళ్లే. ఎదురుగా రెండు పెద్దవి, రాత్రిపూట లారీ లైట్లలాగా.

"మేడం, గిది నన్నే చూస్తాంది" అన్నాడు ఫోటోగ్రాఫర్, కన్ను తియ్యకుండా.

"చూస్తది. ఎనిమిది కండ్లున్నయి దానికి. గా ముందటి రెండు మన లెక్కనే చూస్తయి. ఇది వల కట్టి కూసునే రకం కాదన్నా. పొంచి ఉండి దుంకుతది."

"జర నవ్వుమనరాదు?"

ఆమె నవ్వలేదు. ఆమెకు అప్పటికే ఒక దిగులు ఉంది. తెలిసిన దూకే సాలీళ్లన్నింటితో పోల్చి చూసింది. తెలిసినవాళ్లకు ఫోటోలు పంపింది. ఇది కొత్తదే, అనుమానం లేదు. అయితే దొరికిన రెండూ ఆడవే. ఒక జీవిని కొత్తదిగా లోకానికి చెప్పాలంటే దాని వర్ణన రాసి అచ్చువేయించాలి. సాలీళ్లలో దగ్గరి చుట్టాల నుంచి ఒకదాన్ని వేరుచేసి గుర్తుపట్టడానికి మగదాని నోటి పక్కనుండే పొట్టి చేతుల నిర్మాణం చాలా ముఖ్యం. మగది దొరకలేదు.

"ఆడదాంతోనే రాయొద్దా?" అన్నాను.

"సార్, మీ దగ్గరికి ఒకాయన అచ్చి పక్కింటాయన మీద చెప్తడు. పక్కింటాయన్ను అడగకుంటనే రాస్తరా?"

"రాస్తాం. వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదని కింద ఒక వాక్యం కలుపుతాం."

అప్పుడు నవ్వింది. "మా గైడ్ సార్ గూడ గదే అంటాండు. మగది అందుబాటులకు రాలేదని రాసి అచ్చేయించమంటడు."

గైడ్ అంటే ఆమె పీహెచ్‌డీని పర్యవేక్షించే ప్రొఫెసర్. ఆయన తొందరకు కారణం ఉంది. ఈ సాలీడే ఆమె థీసిస్‌లో చివరి అధ్యాయం. తల్లి జబ్బుపడి దవాఖానల చుట్టూ తిరిగినప్పుడు ఒకసారి గడువు పెంచారు. మళ్లీ పెంచడం కష్టమన్నారు. గడువు దాటితే అన్నేళ్ల పనీ నీళ్లపాలు. పీహెచ్‌డీ లేకుండా పర్మినెంటు ఉద్యోగం మాట ఎత్తడానికే లేదు.

మగది కోసం ఆమె ఇంకో దారి కూడా ప్రయత్నించింది. ఆ బతికున్న సాలీడు వెంట గుడ్ల సంచి ఉండేది. గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి. పెంచితే వాటిలో మగవి ఉంటాయి కదా అనుకుంది. తడిబట్ట కప్పి, దోమపిల్లలు మేపి, పసిపిల్లల్లా చూసుకుంది. రెండోసారి కుబుసం విడవకుండానే అన్నీ చచ్చిపోయాయి. "మా నాయిన గూడ పొద్దున లేవంగనే సీసల మొకం పెట్టి చూసెటోడు సార్" అంది.

వార్త బాగానే వచ్చింది. డెస్క్ దానికి "హాలియా సాలీడు" అని శీర్షిక పెట్టింది. ఆ రెండు మాటలు ఊరికి ఎక్కాయి. వారం తిరక్కుండా సెంటర్లో ఫ్లెక్సీ వెలిసింది. సాలీడు ఫోటో ఒక పక్క, ప్రిన్సిపాల్ ఫోటో ఒక పక్క, మధ్యలో చిన్నగా ఆమె. కాలేజీలో సన్మానం పెట్టి శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు, ఉత్సాహవంతుడు. ఈ సాలీడుకు హాలియా పేరే పెడుతున్నామని, మన ఊరి పేరు ఇక ప్రపంచమంతా పలుకుతుందని మైకులో ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. శాలువా బరువుగా ఉన్నట్టు ఆమె భుజాలు ముడుచుకొని నిలబడింది.

ఆ తర్వాత నన్ను మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేసేది. సెలవు రోజుల్లో కాలువ గట్లు, పొలం గట్లు, గడ్డివాములు అన్నీ వెతుకుతోందట. ఆడది ఇంకొకటి దొరికింది. మగదాని జాడ లేదు. చివరికి గైడ్ మాటే నెగ్గింది. ఆడసాలీడు వర్ణనతో, హాలియా పేరుతో వ్యాసం తయారై ఒక శాస్త్ర పత్రికకు వెళ్లింది. వాళ్లు చూసి, అడగాల్సినవి అడిగి, అచ్చుకు ఒప్పుకున్నారు. ఇక థీసిస్ కూడా గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఎండలు తగ్గి మొదటి వానలు పడ్డ రోజుల్లో ఫోన్ వచ్చింది.

"సార్, మీరు ఏటేటా గొర్లోళ్ల వలస మీద వార్త రాసెటోళ్లు గదా. మా దిక్కు అచ్చే మందలు ఏడికెళ్లి అస్తయి?"

నిజమే, ఏటా రాసేవాణ్ణి. దీపావళి దాటాక మహబూబ్‌నగర్ మెట్టప్రాంతం నుంచి గొర్రెల మందలు కాలువ కింది పల్లెలకు కదులుతాయి. వరి కోతలైన పొలాల్లో మేస్తాయి. రాత్రిళ్లు ఆ మడుల్లోనే మందను పడుకోబెడతారు. ఎరువు కోసం రైతులే పిలిచి పెట్టించుకుంటారు. నా వార్తలో ఏ ఏటికాయేడు మారేది ఫోటో ఒక్కటే.

"మక్తల్ దిక్కు నుంచి చాలా వస్తాయి. ఎందుకమ్మా?"

ఆమె చెప్పింది. మొదటి సాలీడు దొరికింది తండ్రి కౌలు మడి గట్టున. రెండోది పక్క మడిలో. మూడోది నీళ్లు పోకుండా ఒడ్డు గండికి అడ్డం పెట్టిన ఒక విరిగిన తడకలో. ఆ తడక వాళ్లది కాదు. చిన్న గొర్రెపిల్లలను రాత్రిళ్లు విడిగా ఉంచడానికి కాపర్లు వెదురు తడకలు మోసుకొస్తారు. విరిగినదాన్ని పారేసిపోతే తండ్రి గండికి అడ్డం పెట్టాడు. మొదటి రెండూ దొరికిన మడుల్లోనూ ఆ ఏడాది మంద పడుకుంది.

"ఆడది గుడ్లు పెట్టి తడక సందుల కూసుంటది సార్. కదల్దు. తడకతోని పాటు అదొచ్చింది. మొగది బండల మీద తిరిగెటోడు, ఆడనే ఉండిపోయిండు. నేను గీ బురదల మూడేండ్లు దేవులాడితే ఏడ దొరుకుతడు?"

"అయితే ఏమైంది? దొరికింది హాలియాలోనే కదా" అన్నాను.

"మా గైడ్ సార్ గూడ గట్లనే అన్నడు. కాని పేర్లు పెట్టేదానికి రూల్సు పుస్తకం ఉంది సార్ మాకు. మనుషులు మోసుకపోయిన జీవికి, పట్టుకున్న జాగ దాని ఊరు కాదంట. మోసుడు ఏడ మొదలైందో గదే దాని ఊరంట."

నాకు మా డెస్క్‌లో వాదనలు గుర్తొచ్చాయి. పాలమూరు నుంచి ముంబైకో పుణెకో కూలికి పోయి, కట్టే భవనం మీది నుంచి పడి చనిపోయినవాళ్ల వార్తలు ఎన్నో రాశాను. చావు అక్కడ జరుగుతుంది, వార్త ఇక్కడ వస్తుంది. పైన ఏ ఊరి పేరు వెయ్యాలని డెస్క్‌లో ప్రతిసారీ వాదన. రూలు ప్రకారం ముంబై. కానీ చివరికి మా చెయ్యి అతని పల్లె పేరే వేసేది. అదే సరైనదని చూపే రూలు మా దగ్గర లేదు. సాలీళ్ల వాళ్లు దాన్ని పుస్తకంలో రాసి పెట్టుకున్నారు.

అయినా నా నోటి నుంచి వచ్చింది పత్రికవాడి మాటే. "ఇప్పుడు వచ్చేది రానివ్వు. థీసిస్ ఇచ్చెయ్. తర్వాత సవరణ వేయించుకోవచ్చు."

"మీ పేపర్‌ల సవరణ తెల్లారి అస్తది సార్. మా దాంట్ల ఊరి పేరు పెట్టి పిలిస్తె ఇగ ఎన్నటికీ గదే. అది హాలియాది కాదని తెలిసి తెలిసి హాలియా అని ఎట్ల పిలుస్త?"

ఆ ఆదివారం పొద్దున్నే ఆమె, తండ్రి, ఫోటోగ్రాఫర్ మహబూబ్‌నగర్‌లో నా ఇంటి ముందు దిగారు. ఫోటోగ్రాఫర్‌ను ఎవరూ పిలవలేదు. "పెండ్లిబిడ్డ ఫోటో తీసింది నేను. పెండ్లిపిలగాని ఫోటో ఇంకోడు తీస్తడా?" అని తన పాత కారు తీసుకొని వచ్చేశాడు. తండ్రి సన్నగా, నిటారుగా ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలతో పెళ్లికి వచ్చినట్టే ఉంది. మంద తోలుకొచ్చే కాపరి పల్లె ఆయనకు తెలుసు. ఏటా బయలుదేరే ముందు ఆ కాపరి ఈయనకు ఫోన్ చేసేవాడట.

దారిలో ఆమె అసలు సంగతి చెప్పింది. వ్యాసం చివరి ప్రతి సరిచూసి అచ్చుకు సరేనని చెప్పాల్సిన గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. సరేనంటే అచ్చు, నెలాఖరుకు థీసిస్. ఆపితే రెండూ ఆగుతాయి.

"మరి ఈ రోజు ఏం చెప్తవు బిడ్డా?" అన్నాడు తండ్రి ముందు సీటు నుంచి.

"తెల్వదు నాయినా."

మరికల్ దాటాక నేల ఎర్రబడింది. మొలకెత్తిన కంది చేల మధ్య పెద్ద పెద్ద రాతి గుండ్లు, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు. మక్తల్‌కు కాస్త ఇవతల ఒక పల్లెలో కాపరి ఇల్లు దొరికింది. మనిషి గొర్రెలతో గుట్ట వెనక్కి పోయాడు. భార్య గడపలో నిలబడి మమ్మల్ని పై నుంచి కిందిదాకా చూసింది. మెడలో కెమెరా, చేతిలో సంచులు, ఇస్త్రీ చొక్కా.

"సర్కారు గొర్ల చెవి బిళ్లలు చూడనీకె వచ్చినారా? గొర్లు ఇంటికాడ లేవు."

"చెవి బిళ్లలు కాదు అక్కా. నీ తడకలల్ల పురుగును చూసేతందుకు" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"ఏం పురుగు? గొర్లకు రోగమేమన్నానా?"

"రోగం లేదు తల్లీ" అని తండ్రి ముందుకొచ్చాడు. "నేను హాలియాల నీ పెనిమిటితోని మంద పెట్టిచ్చుకుంటా. నా బిడ్డ పురుగుల సదువు సదివింది. ఒక సాలెపురుగు మీ తడకలల్ల మా కాడికి వచ్చిందంట. అది మీదా మాదా తేల్చనీకె వచ్చినం."

కాపరి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "మాదైతే తోలుకపోండ్రి. మాకు దాంతోని పనేముంది?" మళ్లీ ఆయన వైపు పరీక్షగా చూసింది. "హాలియా అంటివి. తేల్చనీకె అంటుంటివి. మా మాట నీకెట్లొచ్చె?"

"మా నాయిన మాట. కాలువ తవ్వనీకె ఈ దిక్కు నుంచే పోయిండంట. ఏ ఊరో నాకు తెల్వదు. నేను కాలువ గట్టు గుడిసెలల్ల పుట్టిన."

ఆవిడ లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి మొదట ఆయనకే ఇచ్చింది.

తడకలు ఇంటి వెనక గోడకు ఆనించి ఉన్నాయి. టార్చి వేసి సందు సందూ వెతుకుతుంటే మధ్యాహ్నానికి ఒకటి దొరికింది. తెల్లటి పట్టు గూటిలో గుడ్ల పక్కన, బూడిదరంగు ఒళ్లు, తుప్పురంగు పట్టీ. మేమంతా పండుగ చేసుకోబోయాం. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తడకలది చాలదు సార్. తడక ఎన్ని ఊర్లు తిరుగుతదో. నడుమ ఏ ఊర్లెనన్న ఎక్కి ఉండొచ్చు. గుట్ట మీద దొరకాలె."

గుట్ట ఎక్కాం. ఆమె ఆ ఆడసాలీడును గాజులాంటి పల్చటి డబ్బాలో పెట్టి ఒక చదును గుండు మీద ఉంచింది. మగది ఈ చుట్టుపక్కల ఉంటే ఆడదాన్ని చూసి రావచ్చునట. రావాలని రూలేం లేదు. ఇక మేం కదలకుండా కూర్చోవాలి. తండ్రి తంగేడు చెట్టు నీడన కండువా పరుచుకున్నాడు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. పత్రికా జీవితమంతా ఎదురుచూపులే కదా, మంత్రి కోసం, ఓట్ల లెక్క కోసం. కానీ ఎవరికోసం చూస్తున్నామో వాళ్లకు మనం ఉన్నట్టే తెలియని ఎదురుచూపు నాకదే మొదటిది.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. గైడ్. గుట్ట మీద గాలికి స్పీకర్ పెట్టుకుంది కాబట్టి మాకూ వినిపించింది.

"ఏమ్మా, ప్రూఫులు చూశావా? సరే అని పంపించెయ్. ఇంకో గంటే ఉంది."

"సార్, మక్తల్ కాడ ఉన్న. తడకలల్ల ఆడది దొరికింది."

"మగది?"

"దొరకలే సార్."

"మరింకేం? నువ్వు పట్టుకున్నది హాలియాలో. అచ్చులో అదే ఉంటుంది. ఒక్క ఊరి పేరు కోసం ఇన్నేళ్ల చదువు పాడుచేసుకుంటావా? నెలాఖరు తర్వాత నేనేం చెయ్యలేను. కోపంతో చెప్పట్లేదమ్మా, నీ మంచికే."

ఆయన గొంతులో నిజంగానే కోపం లేదు. అదే కష్టం. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన లేచి కూర్చున్నాడు.  నా సలహా ఏమిటో ఆమెకు ముందే తెలుసు. ఆమె ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"వాపస్ తీసుకుంటున్న సార్" అంది. "వాళ్లకు ఇప్పుడే రాస్త. మీరు నా మీద కోపానికి రావొద్దు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించి, ఆ చిన్న తెర మీద ఇంగ్లిషులో నాలుగు లైన్లు కొట్టి పంపింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఏడవలేదు. ఇక దిగుదామా అని నేను అనబోతున్నాను.

"సార్" అన్నాడు ఫోటోగ్రాఫర్ గుసగుసగా.

గుండు అంచు మీద ఒక నల్లటి చుక్క. కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది. నల్లని ఒళ్లు, ముఖం పక్కన రెండు తెల్లటి పొట్టి చేతులు. ఆడదానితో ఏ పోలికా లేదు. నాకు వేరే పురుగు అనిపించింది. ఆమె మాత్రం మగదేనన్నట్టు తల ఊపింది. అది డబ్బాకు జానెడు దూరంలో నిలబడి ముందరి కాళ్లు రెండూ పైకెత్తింది. పక్కకు నాలుగడుగులు, మళ్లీ ఇటు నాలుగడుగులు. కాళ్లు దించి, తెల్లటి చేతులు టపటపా ఆడించి, మళ్లీ ఎత్తింది. డబ్బాలోని ఆడది తిరిగి దాన్నే చూడసాగింది. డప్పు మోతకు అడుగులేసేవాడిలా ఉందని మా అందరికీ ఒక్కసారే తోచిందనుకుంటాను, తండ్రి వేళ్లు తొడ మీద ఆడుతున్నాయి.

ఆమె చిన్న సీసా మూత విప్పి, మెల్లగా చెయ్యి చాస్తోంది. అప్పుడే మా ఫోటోగ్రాఫర్‌కు ముప్పై ఏళ్ల అలవాటు తన్నుకొచ్చింది. వీపు ఫోటో డెస్క్ ఒప్పుకోదు కదా. చటుక్కున లేచి, గుండు అవతలికి పోయి, ముందు నిలబడి, "జర ఇటు చూడు" అంటూ బటన్ నొక్కాడు. లావాటి మనిషి నీడ గుండు మీద పడింది. నల్లచుక్క ఒక్క దూకు దూకింది. ఎటు దూకిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మసక పడేదాకా నలుగురం ఆ రాళ్ల మధ్య మోకాళ్ల మీద పాకాం. దొరకలేదు. ఫోటోగ్రాఫర్ తన చెప్పు విప్పి ఆమె ముందు పెట్టాడు. "మేడం, నన్ను చెప్పుతోని కొట్టు" అన్నాడు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకొని, గుండుకు ఆనుకొని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఉన్నడన్నా. వాడు ఉన్నడు. ఈడనే ఉన్నడు. ఏడ దేవులాడాల్నో తెలిసింది, చాలు. ఫోటో అచ్చిందా?"

వచ్చింది. ముఖం స్పష్టంగా ఉంది. ముందటి రెండు పెద్ద కళ్లూ మనల్నే చూస్తుంటాయి. నా జీవితంలో చూసిన మంచి ఫోటోల్లో అదొకటి. కాకపోతే ఫోటోతో వర్ణన రాయలేరు.

ఆ తర్వాత ఆమె వరుసగా ఆదివారాలు హాలియా నుంచి బస్సులు మారుతూ అక్కడికి వచ్చింది. కాపరి భార్య ఇంట్లో అన్నం తినేది. వానలు ముదరకముందే మగవి దొరికాయి. పట్టుకున్న మొదటిదాన్ని స్పిరిట్‌లో వెయ్యబోయే ముందు ఆడదాని ముందు వదిలి, ఆట అయిపోయేదాకా ఆగానని చెప్పింది. శాస్త్రానికి అది అవసరమా అని అడిగాను. "లేదు సార్. పెండ్లికి పోయి అక్షింతలెయ్యకుంట అస్తమా?" అంది.

థీసిస్ గడువు దాటింది. ఆమె కొన్నాళ్లు యూనివర్సిటీ చుట్టూ తిరిగింది. గైడ్ చాలాకాలం మాట్లాడలేదు. తర్వాత ఆయనే వెళ్లి అధికారుల ముందు కూర్చొని ఇంకొక్క గడువు ఇప్పించాడు. మగ ఆడ రెండింటి వర్ణనతో వ్యాసం వచ్చేసరికి, పీహెచ్‌డీ చేతికి వచ్చేసరికి పర్మినెంటు ఉద్యోగాల ప్రకటన ఒకటి వచ్చి వెళ్లిపోయింది.   ఇప్పటికీ కాంట్రాక్టులోనే ఉంది. సాలీడు పేరు ఆ గుట్ట కింది పల్లెది, లాటిన్ తోక తగిలించుకొని. వ్యాసంలో హాలియా పేరు ఒక్కచోట ఉంది, మందలతో పాటు ఇక్కడికీ వచ్చింది అన్న వాక్యంలో.

నేను మక్తల్ డేట్‌లైన్‌తో వార్త రాశాను. జిల్లా పేజీల సంగతి మీకు తెలుసు. ఒక జిల్లా వార్త ఇంకో జిల్లా గడప దాటదు. నల్లగొండ డెస్క్‌కు ఫోన్ చేసి వెయ్యమంటే, "మనది కాని సాలీడు మనకెందుకు సార్?" అన్నాడు అక్కడి కుర్రాడు. మక్తల్‌లో జనం చదివారు. హాలియాలో సెంటర్లోని ఫ్లెక్సీ మాత్రం ఎండకు వెలిసిపోతూ పాత మాటే చెబుతూ నిలబడింది. అందుకని ఆమే కాలేజీలో పిల్లలందరి ముందు నిలబడి, ఇది మన ఊరిది కాదని, ఎలా వచ్చిందో, తన తప్పు ఎక్కడో చెప్పింది. ప్రిన్సిపాల్ రెండు నెలలు ముభావంగా ఉన్నాడు. ఆ తర్వాత మా ఫోటోగ్రాఫర్‌ను పిలిచి, మగ సాలీడు ఫోటో పెద్దది చేయించి తన గదిలో పెట్టుకున్నాడు.

రిటైరైన తర్వాత ఒక పెళ్లికి హాలియా వెళ్లాను. సెంటర్లో చాయ్ తాగుదామని ఆగితే బెంచీ మీద ఆమె తండ్రి. గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. హోటలతను గ్లాసులు పెడుతూ ఆయన్ను కదిలించాడు.

"ఏం పెద్దయ్యా, మన సాలీడును తీస్కపోయి మక్తలోళ్లకు రాసిస్తిరి?"

"మనదేడిది? ఈడ అది కిరాయికున్నది. సొంతిల్లు ఆడుంది."

"గట్లయితె నువ్వు గూడ ఆడోనివే గదా. మీ నాయిన ఆడికెళ్లే వచ్చెనంటివి. నీ సొంతిల్లు ఏడున్నట్టు మరి?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ముసలాయన చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు. పొద్దున్నే సాలీడు పిల్లల సీసాలో ముఖం పెట్టి చూసేవాడన్న కూతురి మాట నాకు గుర్తుకొచ్చింది.

"గా పురుగు పిల్లలు ఈడ పుట్టినయి. బతుకలే" అన్నాడు. "నేను బతికిన. నాది హాలియా."